ఫైబర్ ఉండగా టెలికాం కంపెనీలు ఎయిర్‌ఫైబర్ ఎందుకు అమ్ముతున్నాయి? వాళ్లకేం మిగులుతుంది?

గుంటూరులో చాలా ఏళ్లు కేబుల్, నెట్ కనెక్షన్లు నడిపినవాణ్ణి. కాబట్టి స్తంభం ఎక్కిన అనుభవంతో చెబుతున్నా. ఎయిర్‌ఫైబర్ అంటే వీధిలోంచి తీగ లాగకుండా, 5జీ టవర్ సిగ్నల్‌తో ఇంటికి ఇచ్చే నెట్. మిగిలేది స్పీడు దగ్గర కాదండీ, స్తంభం నుంచి మీ ఇంటి గోడ దాకా లాగే ఆ కాస్త తీగ దగ్గర. అది లాగే పని, తెగితే అతికే పని లేకపోవడమే కంపెనీల లాభం.

నమ్మకపోతే మిర్చి సీజన్లో మా ఊరు రండి. ఓసారి ఐపీఎల్ మ్యాచ్ నడుస్తుండగా, చుట్టుగుంట దగ్గర మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తుగా వేసుకుపోతున్న లారీ మా కేబుల్‌ని లాక్కుపోయింది. పై వరస టిక్కీలకు కట్టిన తాడులో తీగ చిక్కుకుంది, డ్రైవరుకి తెలియను కూడా తెలియదు. జాయింట్ బాక్స్ పగిలి రోడ్డున పడింది. మా కుర్రాడు తెగిన ఫైబర్ అతికే స్ప్లైసింగ్ మిషన్ స్కూటీ సీటు మీద పెట్టుకుని సెల్ లైట్ వెలుగులో మొదలుపెట్టాడు. వెంట్రుకంత గాజుపోగు అది. స్పిరిట్‌తో తుడిచి, సమంగా కోసి, మిషన్లో రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టాలి. గాలి నిండా మిరప ఘాటు. పోగు పెట్టబోతాడు, తుమ్ము. మళ్లీ కొయ్యి, మళ్లీ తుడు, మళ్లీ తుమ్ము. కళ్లు మండిపోతున్నా నలుపుకోవడానికి లేదు, చేతులకీ కారమే. నీలం, నారింజ, ఆకుపచ్చ అంటూ పన్నెండు పోగులు వరస తప్పకుండా అతకాలి. ఈలోగా నా ఫోన్ మోగుతూనే ఉంది. "అన్నా, ఆఖరి ఓవరన్నా!" నెలల తరబడి బిల్లు బాకీ పెట్టినవాడే అందరికంటే గట్టిగా అరుస్తాడు, అదేం లెక్కో!

అపార్ట్‌మెంట్లయితే మరీ అన్యాయం. డక్టులో (పైపులు, వైర్లు దిగే సందులో) వైరు దించాలంటే అసోసియేషన్ సెక్రటరీగారి దయ కావాలి. ఆయనింట్లో నెట్ ఫ్రీగా ఉంటేనే ఆ దయ.

ఇక కంపెనీల వైపు చూడండి. 2022 వేలంలో 5జీ స్పెక్ట్రమ్ (సిగ్నల్ నడిచే రేడియో తరంగాలు వాడుకునే హక్కు) కొన్నారు. గుంటూరు, విజయవాడల్లో జియో 5జీ ఆ డిసెంబరులోనే వచ్చింది. తీరా చూస్తే, 5జీ కోసమని ఫోన్‌కి విడిగా డబ్బు కట్టేవాడు లేడు. పెట్టుబడి పెట్టేశారు, టవర్లో చోటేమో, అంటే అది మోయగల డేటా, మిగిలిపోతోంది. దాన్ని ఇళ్లకు అమ్ముకుందామనే 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్, సెప్టెంబరులో వినాయక చవితికి జియో ఎయిర్‌ఫైబర్ దించాయి. డాబా మీద డబ్బా, దాన్నుంచి ఇంట్లోకి వైరు, లోపల రూటరు. అంతే. మీరు ఇల్లు ఖాళీ చేస్తే ఆ డబ్బా విప్పి ఇంకో ఇంటికి బిగిస్తారు. నేను మీకోసం లాగిన తీగ మాత్రం ఆ సందులోనే వేలాడుతుంటుంది, నా డబ్బుతో సహా.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఫోన్ కస్టమరు నుంచి కంపెనీకి సగటున నెలకు రెండొందల చిల్లర వస్తుంది. జియో ఎయిర్‌ఫైబర్ మొదలైందే రూ.599 ప్లానుతో, జీఎస్టీ అదనం. అంటే రాబడి మూడు రెట్లు దాకా ఉంటుంది. కానీ టీవీ, పిల్లల ఫోన్లు, లాప్‌టాప్ కలిపి ఒక ఇల్లు లాగే డేటా అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. జీబీ లెక్క తీస్తే గిట్టదు. టవర్లో ఖాళీ ఉన్నచోట అమ్మితేనే లాభం. అమెరికాలో 2021లో హోమ్ ఇంటర్నెట్ మొదలెట్టిన టీ-మొబైల్ ఇదే పద్ధతి పాటిస్తోంది. మీ అడ్రసు కొడితే, ఆ టవర్లో చోటుంటేనే కనెక్షన్.

అందుకే నన్నడిగితే బ్రాడీపేటలో ఈ వ్యాపారం దండగ. హాస్టళ్లు, కోచింగ్ పిల్లలు, రాత్రయితే ప్రతి చేతిలో ఫోనూ, ఇక టవర్లో ఖాళీ ఎక్కడిది? గోరంట్ల అవతల కొత్త వెంచర్లలో ఇల్లుకీ ఇల్లుకీ మధ్య నాలుగు ఖాళీ ప్లాట్లుంటాయి, అక్కడ ఒక్క కనెక్షన్ కోసం ఫైబర్ లాగితే నాలాంటివాడు మునుగుతాడు. అది ఎయిర్‌ఫైబర్ వాళ్ల చోటు.

ఇంకో సంగతి. వాళ్ల కన్ను నెట్ బిల్లు మీద మాత్రమే లేదు. ఛానెళ్లు, ఓటీటీలు కూడా కలిపి ఇస్తున్నారంటే, మా కేబుల్ బిల్లు కూడా లాక్కోవడానికే. సిమ్ అయితే పూటలో మార్చేస్తారు. ఇంటిల్లిపాదీ అలవాటుపడిన కనెక్షన్ని మార్చడానికి మాత్రం ఎవరికీ ఓపిక ఉండదు. తీగ ఖర్చు తప్పడంతో పాటు కంపెనీలకు మిగిలేది అదే.

మీరు తీసుకోవాలనుకుంటే మాత్రం, సేల్స్ కుర్రాడు పొద్దున పదకొండింటికి చూపించే స్పీడు చూసి ఏడాది ప్లాన్ కట్టకండి. పక్కింట్లో పెట్టించుకున్నవాళ్లుంటే రాత్రి తొమ్మిదింటికి వెళ్లి చూడండి. వాళ్లే ఎలాగూ కాఫీ ఇచ్చి మరీ చెబుతారు.