సిమెంట్ లేకుండా ఆ రాళ్లెలా నిలబడ్డాయి?

ప్రశ్న: పల్లెల్లో వాగుల మీద కనిపించే పాత రాతి కమాను వంతెనలు ఇన్ని వందల ఏళ్లు ఎలా ఆగుతున్నాయండీ? లోపల ఇనుము కూడా ఉండదు కదా. రాళ్ల సందుల్లో గచ్చు రాలిపోతే సిమెంట్ పూసేస్తే సరిపోదా?

జవాబు: రెండోదానికే ముందు చెప్తా, దయచేసి సిమెంట్ మాత్రం పూయకండి. కారణం తర్వాత చెప్తా. ఇక మొదటిదానికొస్తే, రాయి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది కానీ వంచితే పుటుక్కున విరుగుతుంది, అందుకే పాత మేస్త్రీలు రాళ్లని పైన వెడల్పుగా కింద సన్నంగా చెక్కి కమానులా పేర్చారు, కిందకి జారబోయే ప్రతి రాయీ పక్క రాళ్ల మధ్య ఇంకా బిగుసుకుని బరువుని అటూ ఇటూ గట్లలోకి తోసేస్తుంది. కట్టేటప్పుడు కింద చెక్క సెంట్రింగ్ ఉంటుంది, నడినెత్తిన ఆఖరి రాయి, అదే కీస్టోన్, బిగించాకే దాన్ని తీస్తారు.

ఆ బరువు కూడా సరైన చోట పడాలండోయ్. వేల్స్‌లోని పాంటిప్రిడ్‌లో విలియం ఎడ్వర్డ్స్ కట్టిన ఒంటి కమాను, భుజాల దగ్గర బరువెక్కువై నడినెత్తి పైకి తన్నుకొచ్చి కూలిపోయింది. పట్టు వదల్లేదు, 1756లో భుజాల్లో ఒక్కో వైపు మూడేసి గుండ్రటి కన్నాలు పెట్టి బరువు తగ్గించి మళ్లీ కట్టాడు, సుమారు 140 అడుగుల కమాను, ఇప్పటికీ ఉంది. ఆ మనిషంటే నాకు ఎంత గౌరవమో!

ఇక గచ్చు సంగతి. సున్నం మెత్తన, వంతెన కాస్త కదిలినా సర్దుకుంటుంది, లోపలి తడిని బయటికి వదిలేస్తుంది. సిమెంట్ గట్టిది, తడిని లోపలే బంధిస్తుంది, కొన్నాళ్లకి అది బాగానే ఉంటుంది, పక్కన రాయి అంచులు పెచ్చులూడతాయి. కమాను కిందకెళ్లి తలెత్తి చూడండి, తెల్లటి చారలు కనిపిస్తే పైన రోడ్డు మీద నీళ్లు లోపలికి దిగి సున్నాన్ని కరిగించి తెస్తున్నట్టే. ముందు పైన నీళ్లు నిలవకుండా చూసి, ఆ తర్వాతే సున్నంతో సందులు నింపించాలి. సందుల్లో మొలిచిన రావి మొక్కల్లాంటివి బలంగా పీకొద్దు, రాయి కూడా ఊడొస్తుంది, మొదలు దగ్గర కోసేయడమే.

అన్నిటికన్నా నాకు భయం వరదంటేనే. గ్రీస్‌లో 1866లో కట్టిన ప్లాకా వంతెన, 40 మీటర్ల కమాను, 2015 ఫిబ్రవరి 1న వరదకి కూలిపోయింది, తర్వాత మళ్లీ రాతితోనే కట్టారు. అంత పెద్ద వంతెనకే తప్పలేదు, కాబట్టి వరద తీసిన ప్రతిసారీ పునాదుల చుట్టూ మట్టి కోసుకుపోయిందేమో చూడాలి, గుంత కనిపిస్తే పాత కట్టడాలు తెలిసిన ఇంజనీర్‌ని వెంటనే పిలిపించండి.