నీ బంగారు కోటకు జొన్నలు ఎవరు తోలుతారు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి చదివాను. 61వ పేజీలో ఆగిపోయి, కాస్త కోపం తగ్గాక మళ్ళీ అందుకున్నాను. ఎర్ర ఎడారి నడుమ స్వర్ణశృంగ నగరం, అందులో లక్షమంది జనం, బంగారు గోపురాలు, గాల్లో తేలే తోటలు. ఇరవై రెండు పేజీలు వర్ణించావు. ఆ ఇరవై రెండు పేజీల్లో ఒక్క మనిషీ అన్నం తినలేదు, ఒక్క బండీ ఊళ్ళోకి రాలేదు, ఒక్క వీధిలోనూ పేడ వాసన లేదు. అమ్మాయీ, లక్షమంది ఏం తింటున్నారమ్మా అక్కడ?

మూడో అధ్యాయంలో బావి దగ్గర చేదతాడు మూరల్లెక్కన అద్దెకిచ్చే ముసలమ్మ ఉందే, ఆమె బాగుంది. ఆమెకు ఒక్క పేజీ ఇచ్చి పంపేశావు. ఆమె దగ్గరికి మళ్ళీ వస్తాను.

ముందు ఒక కాగితం తీసుకుని లెక్క వెయ్యి. గింజలే ముఖ్యాహారమైతే మనిషికి రోజుకు సుమారు 600 గ్రాములు కావాలి. లక్షమందికి 60 టన్నులు. ఏడాదికి దాదాపు 22 వేల టన్నులు. వానమీద పండే పాతకాలపు మెట్ట పొలంలో ఎకరానికి 400 కిలోలు వచ్చాయనుకో. రైతు తిండికి, విత్తనానికి, ఎలుకలకు, పురుగుకు పోగా నాలుగో వంతు ఊరికి అమ్మగలడనుకో. అంటే ఎకరానికి వంద కిలోలు. నీ నగరానికి రెండు లక్షల ఇరవై వేల ఎకరాల సాగు కావాలి. కొండలూ, బీళ్ళూ, అడవులూ పోగా మూడో వంతు నేలే సాగులో ఉంటుంది కాబట్టి, కోట చుట్టూ సుమారు 30 కిలోమీటర్ల మేర పల్లెలే పల్లెలు ఉండాలి. నువ్వు అంతమేరా ఇసుక పోశావు.

దూరం నుంచి తెప్పిస్తానంటావు. సరే. ఎద్దుల బండి మీద సుమారు టన్ను సరుకు పడుతుంది, మంచి బాట మీద రోజుకు 20 కిలోమీటర్లు నడుస్తుంది. పనిచేసే ఎడ్ల జత రోజుకు పదిహేను కిలోల దాకా ఎండుమేత తింటుంది, 60 నుంచి 80 లీటర్ల నీళ్ళు తాగుతుంది. దారిలో మేత దొరకకపోతే అదీ బండి మీదే ఎక్కాలి. 400 కిలోమీటర్ల దూరానికి పోనూ రానూ నలభై రోజులు, ఆరు వందల కిలోల మేత. మోసుకెళ్ళిన టన్నులో సగం పైగా ఎడ్లే తినేస్తాయి. నీళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఐదు రోజులు బావి లేని దారైతే వెళ్ళి రావడానికే ఏడు వందల లీటర్లు కావాలి. ఇక సరుకెక్కడ పెడతావు?

ఒంటెలు పెడతానంటే పెట్టు. ఒంటె 150 కిలోలు మోస్తుందనుకుంటే రోజుకు 400 ఒంటెలు కోట గుమ్మంలో దిగాలి. పది రోజుల దారైతే ఏ రోజు చూసినా ఎనిమిది వేల ఒంటెలు బాటమీదే ఉంటాయి. వాటిని కాసేవాళ్ళు, మేత అమ్మేవాళ్ళు, రోగమొస్తే వాత పెట్టేవాళ్ళు, దారికాచి దోచేవాళ్ళు, ఆ దొంగలతో ముందే ఒప్పందం చేసుకున్న షావుకార్లు. నువ్వు రాయని నవల అక్కడుంది.

ఇప్పుడు నీ ముసలమ్మ దగ్గరికి రా. ఎడారి బాటమీద ఇరవై కిలోమీటర్లకొక బావి ఉండి తీరాలి. ఆ బావిని ఎవరో తవ్వించారు, ఎవరో పూడిక తీస్తున్నారు, ఎవరో పన్ను వసూలు చేస్తున్నారు. తాడు అద్దెకిచ్చే మనిషి చేతిలో నగరం మెడ ఉంది. ఒక ఎండాకాలం నీళ్ళు ఇంకో నాలుగు మూరలు దిగిపోయాయనుకో, ఆమె తాడు చాలదు. పది రోజుల్లో కోటలో జొన్నల ధర రెట్టింపవుతుంది, ఇరవై రోజుల్లో కొట్లు దోచుకుంటారు. నీ కథలో రాజ్యం పడిపోవడానికి శాపం పెట్టావు. నాలుగు మూరల తాడు చాలేది.

దక్కనులో ఈ పని నిజంగానే జరిగింది. లంబాడీలు వేల ఎద్దుల మీద పెరికెలు వేసి మొగలు సైన్యాల వెంట ధాన్యం తోలేవారు. సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు లోపలి సీమలకు మోసేవారు. తాండా కదలకపోతే దండూ కదలదు. మనవాళ్ళ కాల్పనిక నవలల్లో లక్షల సైన్యాలు ఒక పేరాలో కొండలు దాటేస్తాయి. ఒక్క గుర్రానికే రోజుకు దాణా, గడ్డి కలిపి పది కిలోలు కావాలి. నీ యువరాజు ఇరవై వేల గుర్రాలతో బయల్దేరాడు. రోజుకు రెండు వందల టన్నులు! శత్రువు చెయ్యాల్సిందల్లా ముందున్న గడ్డివాములు తగలబెట్టి ఇంట్లో కూర్చోవడమే.

కల్పనకు లెక్కలేమిటి అని నీకెవరో చెప్పినట్టున్నారు. బహుశా ఏ సంపాదకుడో చెప్పి ఉంటాడు. 'పేజీకో అద్భుతం ఉండాలండీ' అనే జాతి ఒకటి ఉంది మనకు, వాళ్ళే మళ్ళీ వెనక్కి తిరిగి 'ఇవి పిల్లల కథలు కదండీ' అంటారు. వాళ్ళను పక్కన పెట్టి సభాపర్వం తియ్యి. మయుడు కైలాసానికి ఉత్తరాన బిందుసరస్సు దగ్గరున్న సామగ్రి తెచ్చి సభ కట్టాడు. 14 నెలలు పట్టింది. 8,000 మంది కింకరులు కాపలా. సరుకు ఎక్కడిది, ఎన్నాళ్ళు పట్టింది, కాపలా ఎవరు? అంతటి మాయకట్టడానికీ ఈ మూడూ చెప్పి ఉన్నాయి. ఆ తర్వాత నేల నీళ్ళలాగా నీళ్ళు నేలలాగా కనబడి దుర్యోధనుడు భంగపడ్డాడు, ఆ మంట జూదం దాకా తీసుకుపోయింది. గచ్చు కథ నడిపింది. నీ తేలే తోటలు తీసేస్తే నీ కథలో ఏం మారుతుందో చెప్పు. ఏమీ మారకపోతే కొట్టెయ్యి.

పటం ఎలా గీయాలని అడిగావు. రాజ్యాల పేర్లతో మొదలుపెట్టకు. ముందు కొండల వరస గియ్యి. తర్వాత గాలి ఎటునుంచి వీస్తుందో బాణం వెయ్యి. గాలి ఎక్కే వైపు వాన, దిగే వైపు కరువు. పడమటి కనుమల మీద ఆగుంబెలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, కనుమలకు వెనక ఉన్న అనంతపురంలో పడేది 550 అటూ ఇటూ. నీ ఎడారి ఎందుకు ఎడారి అయిందో ఈ రెండు గీతలతో తెలిసిపోతుంది, దేవత కోపం అక్కర్లేదు. ఆ పైన నదులు. నీ నీలవేణి కొండల్లో మూడుగా చీలి రెండు సముద్రాల్లో కలిసింది. నదులు పైన కలుస్తాయి, అడుగున చీలుతాయి. గోదావరి ధవళేశ్వరం దిగాకే గౌతమిగా, వశిష్ఠగా విడిపోయింది, అదీ తను తెచ్చిపోసిన ఒండ్రు మీద. దగ్గరున్న సముద్రంలోకే నది పోవాలనీ లేదు. గోదావరి పుట్టిన త్ర్యంబకం నుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. అయినా నేల తూర్పుకు వాలింది కాబట్టి గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది.

ఊళ్ళు ఆఖరున పెట్టు. ప్రయాణికుడు ఆగక తప్పని చోట ఊరు పుడుతుంది: రేవు, ఏళ్ళు కలిసే చోటు, కనుమ దారి ఎక్కబోయే ముందు ఎడ్లకు విశ్రాంతినిచ్చే మైదానం. రెండు కొండల మధ్య కృష్ణ ఇరుకైన చోట విజయవాడ ఉంది చూడు, అలాంటి చోట్లు వెతుక్కో. సరిహద్దు గీతలు చిట్టచివర.

చెరువుల సంగతి నీ నవల్లో లేనే లేదు, మెట్టసీమ కథకు ఇదేం లోటో! కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన అనంతరాజసాగరం గురించినది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెప్పారందులో: ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తీపినీటి ఏరు, ఆనించడానికి కొండ, పొడవాటి రాళ్ళు దొరికే గని, పనితెలిసిన మనుషులు, ఇలా. ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు గర్భంలో తాబేటిచిప్పలా మిట్ట లేవడం, నీళ్ళు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై పొలం తక్కువ కావడం. ఇంకొకటి, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. ఆ ఒక్క దోషం మీద ఆరు వందల పేజీలు రాయొచ్చు. కట్ట ఒకడిది, ఆయకట్టు ఇంకొకడిది, తూము తాళం ఎవరి దగ్గర ఉండాలి? నీ రెండు రాజ్యాలు ఇరవై ఏళ్ళుగా ఒక రత్నం కోసం కొట్టుకుంటున్నాయి. రత్నం తింటారా వాళ్ళు?

మంత్రాలకూ ఇదే నియమం. నీ వైద్యురాలు చెయ్యి ఆనించి జ్వరాలు తగ్గిస్తుంది. మరి ఐదో అధ్యాయంలో సైనికులు జ్వరంతో ఎందుకు చచ్చారు? ప్రతి మంత్రానికీ ఎవరికి వస్తుంది, దేన్ని ఖర్చు చేస్తుంది, దేన్ని చెయ్యలేదు అని రాసిపెట్టుకో. తర్వాత దానివల్ల ఎవరి పొట్ట కొట్టిందో చూడు. మాటతో దీపం వెలిగేట్టయితే గానుగవాడు ఏం చేస్తాడు? ఊరూరా గానుగలు మూలపడతాయి, పిండిచెక్క లేక పాడి ఎండుతుంది, దీపాల మంత్రగాణ్ణి ఓ రాత్రి ఎవరో తంతారు. తన్నులు తినని మంత్రగాడున్న ఊరు నేను నమ్మను.

నీ దగ్గర ధరల పుస్తకం ఒకటి ఉండాలి. కూలివాడి రోజుకూలి, మానికెడు జొన్నలు, జత చెప్పులు, రేవు దాటడానికి కాసు, కోట కాపలావాడి లంచం. అసలు అంకెలతో పనిలేదు, కూలికి ఎన్ని మానికలు వస్తాయన్నదే పట్టుకో. నీ కథానాయకుడు సత్రంలో ఒక బంగారు నాణెం విసిరి చిల్లర ఉంచుకోమన్నాడు. అంత చిల్లర ఇవ్వాలంటే సత్రం అమ్మాలి. కొలతలు కూడా ఊరూరికీ తేడాగా ఉండనీ. సోల, తవ్వ, మానిక, కుంచం మన దగ్గరే ప్రాంతాన్నిబట్టి మారేవి, తగాదాలూ వచ్చేవి.

పేర్ల గురించి ఎక్కువ చెప్పను. ఒక్కో జాతికి పలికే శబ్దాలు, ఊరిపేర్ల చివర వచ్చే ముక్కలు నాలుగైదు ఎంచుకుని వాటికే కట్టుబడు. నోట్లో తిరగని హల్లులు గుదిగుచ్చి మధ్యలో గీత పెడితే పరదేశం అయిపోదు. ఈ ఫ్యాషన్ ఎక్కడిదో నాకు తెలుసు, వదిలెయ్యి.

రెండో ఆలోచన అని చివర్లో పంపిన అంతరిక్షనగరం సంగతి. 50 మీటర్ల వ్యాసార్ధంతో చక్రం తిప్పి అందులో భూమ్మీద ఉన్నంత బరువు పెట్టావు. అందుకు నిమిషానికి నాలుగుసార్లకు పైగా తిరగాలి. కొత్తగా వచ్చినవాడు తల తిప్పితే వాంతి చేసుకుంటాడు. నిమిషానికి రెండు చుట్లతో సరిపెట్టాలంటే వ్యాసార్ధం సుమారు 224 మీటర్లు, ఒకే చుట్టైతే 894. కానీ నీ 50 మీటర్లే ఉంచేసుకో, అందులో మజా ఉంది. అంచు సెకనుకు 22 మీటర్ల వేగంతో పోతోంది. తిరిగే వైపు సెకనుకు ఐదు మీటర్ల వేగంతో పరిగెత్తే పిల్లాడు ఒకటిన్నర రెట్లు బరువెక్కుతాడు. ఎదురు పరిగెత్తితే ఐదింట రెండు పాళ్ళు తగ్గి, సగానికి కొంచెం ఎక్కువ మిగులుతాడు. అక్కడి కబడ్డీ ఎలా ఉంటుందో రాయి. ఇక అంగారకుడి మీదున్న కూతురు తల్లితో ఫోనులో పోట్లాడటం కుదరదు. మాట చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు, జవాబుకు అంతా మళ్ళీ. వాళ్ళది ఉత్తరాల బతుకే. మనిషికి రోజుకు 840 గ్రాముల ప్రాణవాయువు చొప్పున లెక్కగట్టి ఆ నగరానికి అతిథి వస్తే ఎవరి మొహం ఎలా మారుతుందో చూడు.

మొదటి నలభై పేజీల వంశచరిత్ర, చివరి పదకోశం రెండూ తీసెయ్యి. నీ నోటుపుస్తకంలో ఉంచుకో, పాఠకుడికి పదోవంతు చాలు, అదీ బేరంలోనో తిట్టులోనో తెలియాలి. బావి దగ్గర ముసలమ్మ 'నిరుడు పన్నెండు మూరలే' అన్నదనుకో, నాలుగు వేల ఏళ్ళ చరిత్ర కంటే నాకు ఎక్కువ తెలుస్తుంది. మూడు భాగాలుగా రాయాలనే మోజు కూడా ఇప్పటికి మానుకో.

61 నుంచి 83 దాకా తిరగరాసి, నది సరిచేసి, బండ్ల లెక్క వేరే కాగితం మీద పెట్టి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా కొట్టించు, రెండు వైపులా అచ్చువేయకు.

ఆశీస్సులతో.