పేడతో చదువేంటని నవ్వేవాళ్లను పట్టించుకోకండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాదిలో ఉంది. పేడ, కోడి ఈకల నుంచి పనికొచ్చే వస్తువులు తయారుచేసే రంగంలో పీజీ చేస్తానంటోంది. బంధువులు నవ్వుతున్నారు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మేలా, బయోప్రాసెస్ ఇంజినీరింగ్ మేలా? లేక డేటా సైన్స్‌లో చేర్చేదా? – ఒక తండ్రి

జవాబు: మీరు కోర్సుల గురించి అడిగారు కానీ, మీ అసలు టెన్షన్ నలుగురూ ఏమనుకుంటారోనని. మూడేళ్లు ఇష్టంగా చదివిన పిల్లను బంధువుల నవ్వుకు భయపడి దారి మళ్లిస్తారా? డేటా సైన్స్ కావాలన్నది ఆమె కాదు, మీరు.

ఇది పేడ ఎత్తే చదువు కాదండీ. పశువుకు అరగని సెల్యులోజ్ అనే పీచు పేడలో మిగిలిపోతుంది. దాన్ని శుద్ధి చేసి పోగులుగా తీస్తే కాగితం తయారీకి పనికొస్తుంది. కోడి ఈకలో దాదాపు 90 శాతం కెరటిన్ అనే ప్రొటీనే. పేడ నుంచి బయోగ్యాస్ తీశాక మిగిలే స్లర్రీలో (పలుచటి మడ్డిలో) పైరుకు కావాల్సిన నత్రజని, భాస్వరం పోకుండా ఉంటాయి.

నా అనుమానమల్లా 'పేడతో ప్లాస్టిక్‌కు ప్రత్యామ్నాయం' అంటూ చదువు పూర్తికాకుండానే స్టార్టప్ పెట్టే మోజు మీదే. పచ్చి పేడలో సుమారు 80 శాతం నీళ్లే. మోయడానికి, ఆరబెట్టడానికే బోలెడు ఖర్చు. మేత మారితే పేడ గుణమూ మారుతుంది. ల్యాబ్‌లో గ్రాముల్లో వచ్చింది ఫ్యాక్టరీలో టన్నుల్లో రావాలంటే కష్టం. అంతెందుకు, బయోగ్యాస్ ట్యాంకులో ఒక్కసారిగా ఎక్కువ పేడ, వ్యర్థాలు వేస్తే ఆమ్లాలు పెరిగి, బయోగ్యాస్‌లో మండే వాయువైన మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. గ్యాస్ పడిపోతుంది. మళ్లీ దారికి రావడానికి వారాలు పట్టొచ్చు. అది ముందే పసిగట్టి సరిచేయగల మనిషి ప్లాంటుకు కావాలి. మీ అమ్మాయి ముందు ఆ పని నేర్చుకోవాలి, కంపెనీ సంగతి తర్వాత.

లెక్కలంటే భయం లేకపోతే బయోప్రాసెస్ ఇంజినీరింగ్ (సూక్ష్మజీవులు, ఎంజైములతో పెద్ద ఎత్తున వస్తువులు తయారుచేసే చదువు) తీసుకోమనండి. బీఎస్సీ వాళ్లను చేర్చుకుంటారో లేదో ముందే కనుక్కోండి. పరీక్షలు, అనుమతులు, నిబంధనల వైపు ఆసక్తి ఉంటే ఎన్విరాన్‌మెంటల్ సైన్స్. ఈ రంగం కుదరకపోయినా బయోప్రాసెస్ నైపుణ్యం మందుల తయారీలో, ఆహార పరిశ్రమలో, మురుగునీటి శుద్ధిలో అక్కరకొస్తుంది. ఆమె చదువు ఎక్కడికీ పోదు, ధైర్యంగా ఉండండి.

దరఖాస్తు చేసేముందు ఏదైనా బయోగ్యాస్ ప్లాంటులో కొన్నాళ్లు పని చూడనివ్వండి. ఆ వాసన, ఆ పని తనకు సరిపడతాయో లేదో ఆమే తేల్చుకుంటుంది. ఒకరోజు మీరూ వెంట వెళ్లండి.