కమ్మలు పెట్టుకుంటే దురద... నికెల్ అలర్జీ పూర్తిగా పోతుందా?

ప్రశ్న: నా వయసు 24. ఫ్యాన్సీ కమ్మలు పెట్టుకున్న మర్నాటికల్లా చెవి తమ్మెలు ఎర్రబడి రసి కారుతున్నాయి. ఈమధ్య ప్యాంటు గుండీ తగిలేచోట, బొడ్డు కింద కూడా దురద మొదలైంది. ప్యాచ్ పరీక్ష చేసి నికెల్ అలర్జీ అన్నారు. ఇది పూర్తిగా తగ్గుతుందా? ఇలాంటి వస్తువులు అమ్మకుండా నిబంధనలేవీ ఉండవా?
- ఒక పాఠకురాలు

జవాబు: దద్దు తగ్గుతుంది, అలర్జీ మాత్రం సాధారణంగా జీవితాంతం ఉంటుంది. చెమటకు లోహంలోని నికెల్ కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతుంది. రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు ఒకసారి దాన్ని గుర్తుపెట్టుకున్నాయంటే, ఎప్పుడు తగిలినా ఒకటి రెండు రోజుల్లో అక్కడ దురద, ఎరుపు, నీటి పొక్కులు వస్తాయి. మీకు రెండుచోట్లా కారణం ఇదే.

అందుకే మీ రెండో ప్రశ్న చాలా ముఖ్యమైనది. వచ్చాక పోని అలర్జీని అసలు రాకుండా ఆపాలి, ఆ పని నిబంధనలతో సాధ్యమేనని రుజువైంది కూడా. డెన్మార్క్ 1990లోనే నికెల్‌పై ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత చెవులు కుట్టించుకున్న అమ్మాయిల్లో ఈ అలర్జీ బాగా తక్కువగా కనిపించింది. ఐరోపా సమాఖ్య 1994లో అదే బాట పట్టింది. అక్కడ చర్మాన్ని ఎక్కువసేపు అంటిపెట్టుకునే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదు. కుట్టిన రంధ్రంలో ఉండే కాడలకైతే 0.2. లోహంలో నికెల్ ఎంత ఉందన్నది కాకుండా, ఎంత బయటికి వస్తోందన్నదే లెక్క. మంచి స్టెయిన్‌లెస్ స్టీలులో నికెల్ ఉన్నా చాలామందికి పడేది ఇందుకే.

నిబంధనలు ఆలస్యమైతే ఏమవుతుందో మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే, ఉత్పత్తులు చెడిపోకుండా కలిపే నిల్వ రసాయనం చూపించింది. ఐరోపాలో 2005 నుంచి సౌందర్య సాధనాల్లో దాన్ని మరో రసాయనంతో కలపకుండా విడిగా వాడేందుకు అనుమతించారు. క్రీములు, తడి టిష్యూలు వాడినవారిలో అలర్జీలు ఎంతగానో పెరిగాక, ఒంటిమీద అలాగే ఉండిపోయే ఉత్పత్తుల్లో 2017లో నిషేధించారు. ఈలోపు అలర్జీ వచ్చినవారికి ఆ నిషేధం దాన్ని వెనక్కి తీసుకోలేదు కదా!

ఇక మీరు చేయాల్సింది. టైటానియం కమ్మలు వాడండి. బంగారు పూత నమ్మవద్దు, అరిగితే కింది నికెల్ బయటపడుతుంది. ‘హైపోఅలర్జెనిక్’ (అలర్జీ కలిగించే అవకాశం తక్కువ) అన్న ముద్రకూ కచ్చితమైన అర్థం లేదు. అనుమానం ఉంటే డైమిథైల్ గ్లయాక్సిమ్ పరీక్ష కిట్ తెచ్చుకోండి. ద్రావణం వేసిన దూదిపుల్లతో వస్తువును అరనిమిషం రుద్దితే, నికెల్ వస్తుంటే దూది గులాబీ రంగుకు మారుతుంది. ప్యాంటుకు ప్లాస్టిక్ గుండీ కుట్టించండి. స్టిరాయిడ్ పూతమందు డాక్టర్ చెప్పినన్ని రోజులే రాయండి. చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించుకోండి.