విడాకుల కేసు నడుస్తోందని గడువు ఆగదు

ప్రశ్న: మాది తూర్పు గోదావరి జిల్లా. 2014లో నా 18 కాసుల బంగారం తాకట్టు పెట్టి పచ్చళ్ల వ్యాపారం మొదలుపెట్టాను. తర్వాత మావారు ఉద్యోగం మానేసి నాతో కలిశారు. ఆయనకు 60, నాకు 40 శాతం చొప్పున భాగస్వామ్య పత్రం రాసుకున్నాం. ఇప్పుడు సరుకు అమెరికా దాకా వెళ్తోంది. నిరుడు ఆయన విడాకుల కేసు వేశారు. ముందు విడాకులు తేలనివ్వండి, వ్యాపారం సంగతి తర్వాత చూద్దామని పెద్దమనుషులు అంటున్నారు. కాలిఫోర్నియాలో ఉన్న మా పిన్ని కూతురు భార్యకు సగం వస్తుందని చెబుతోంది. బ్యాంకు లోను కోసమని మావారు అడిగితే 2023 ఆగస్టు 14న ఒక కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాను. నేను సంస్థ నుంచి తప్పుకున్నట్టు, నా వాటా డబ్బు నాకు ముట్టినట్టు అందులో ఉంది. నాకు పైసా రాలేదు. అది నోటరీయే గానీ రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి చెల్లదని మా తమ్ముడు అంటున్నాడు. బీరువాలో మావారు సంతకం చేసి ఉంచిన ఖాళీ ప్రామిసరీ నోటు ఉంది. దాన్ని 60 లక్షలకు రాసుకుని దావా వేయవచ్చా? నాకు సగం వాటా రాదా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మీ అత్తగారి మాటలు, మీవారి ప్రవర్తన. వాటిని పైన అచ్చు వేయలేదు. అవి విడాకుల కేసులో పనికొస్తాయేమో గానీ వ్యాపారం లెక్కలో వాటికి చోటు లేదు. మీ వాటా భవితవ్యమంతా మీరు చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాసిన ఒక తేదీ మీద ఉంది. అది 2023 ఆగస్టు 14.

ముందు సగం వాటా సంగతి. మీ పిన్ని కూతురు చెప్పింది కాలిఫోర్నియాకు నిజం. అక్కడ వివాహ కాలంలో సంపాదించినది సాధారణంగా ఇద్దరిదీ, సగం సగం. మన దేశంలో గోవా, డామన్, డయ్యూలలో తప్ప అలాంటి పద్ధతి లేదు. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కింద కోర్టు చూసేది పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువులనే. 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం వస్తుంది, దానికి భర్త వ్యాపార ఆదాయం లెక్కలోకి వస్తుంది. అంతేగానీ భార్య అయినందుకు వ్యాపారాన్ని పంచి ఇచ్చే సెక్షన్ ఏదీ లేదు. మీకు హక్కు ఉంటే అది భాగస్వామిగానే ఉంది. అది కూడా 40 శాతమే. సగం అన్న మాట మీరు సంతకం చేసిన పత్రంలోనే లేదు.

ఇక ఆ తేదీ. ఇద్దరే ఉన్న సంస్థలో ఒకరు తప్పుకుంటే సంస్థ మిగలదు, రద్దయినట్టే. ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు కదా. రద్దయిన సంస్థ లెక్కల కోసం, లాభాల వాటా కోసం దావా వేయడానికి కాలపరిమితి చట్టం 5వ అధికరణం ఇచ్చే గడువు రద్దయిన రోజు నుంచి మూడేళ్లు. మోసంతో రాయించుకున్న పత్రాన్ని కొట్టివేయమని అడగడానికి 59వ అధికరణం ఇచ్చేది కూడా, సంగతి తెలిసిన నాటి నుంచి, మూడేళ్లే. అందులో ఏముందో తర్వాత తెలిసిందని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద ఆధారపడకండి. మీ గడువు 2026 ఆగస్టు 14తో సరి అనుకునే నడవండి. విడాకుల కేసు ఈ గడువును ఒక్క రోజు కూడా ఆపదు. పెద్దమనుషుల పంచాయతీ అసలే ఆపదు. వాళ్లు తెలిసి అంటున్నారో తెలియక అంటున్నారో గానీ, ‘తర్వాత చూద్దాం’ అన్న ప్రతి నెలా మీవారి ఖాతాలో లాభంగా పడుతోంది. వాళ్ల మాట మంచిదే అయితే ఒక పని చేయమనండి: లెక్కలు ఇంకా తేలలేదని, మీకు ఇవ్వవలసింది ఉందని మీవారి చేత రాయించి సంతకం పెట్టించమనండి. గడువు లోపల అలా రాసి ఇస్తే అదే కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. ఆయన రాయనంటే ఆ పంచాయతీ ఎందుకు సాగుతోందో మీకే అర్థమవుతుంది.

రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి చెల్లదన్న మీ తమ్ముడి వాదన 1966లోనే ఓడిపోయింది. అద్దంకి నారాయణప్ప కేసు మన ప్రాంతం నుంచి వెళ్లినదే. వడ్లు ఆడించే, వేరుశనగ కాయలు ఒలిచే వ్యాపారంలో భాగస్వాములైన రెండు కుటుంబాల తగాదా అది. భాగస్వామి వాటా చరాస్తి కిందికి వస్తుందని, సంస్థకు స్థలాలూ మిల్లులూ ఉన్నా సరే దాన్ని వదులుకునే పత్రానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీం కోర్టు తేల్చింది.

చదవకుండా సంతకం పెట్టానని రాశారు. మీరు బి.కాం. చదివారని కూడా రాశారు. ఆ రెండు వాక్యాలూ ఒకే ఉత్తరంలో ఉండకూడదమ్మా. ఏళ్ల తరబడి జీఎస్టీ రిటర్నుల మీద సంతకాలు పెట్టిన భాగస్వామికి ఏం సంతకం చేస్తున్నదీ తెలియదంటే ఏ న్యాయమూర్తీ సులువుగా నమ్మరు. మీ బలం అక్కడ లేదు. ఆ పత్రంలోనే ‘ముట్టినవి’ అన్న మాట దగ్గర ఉంది. డబ్బు ముట్టినట్టు పత్రంలో రాసి ఉన్నా, నిజానికి ముట్టలేదని రుజువు చేయడానికి చట్టం అడ్డుపడదు. మీ బ్యాంకు ఖాతా, సంస్థ ఖాతా ఆ ఏడాదివి రెండూ పక్కపక్కన పెడితే చాలు. సంస్థ చివరి ఆస్తి అప్పుల పట్టికలో మీ మూలధన ఖాతాలో ఎంత నిల్వ ఉందో, అది ఎటు పోయిందో ఆడిటర్ లెక్కలే చెబుతాయి. మీవారు సంతకం అడిగింది లోను కోసమని కదా, అసలు ఆ లోను తీసుకున్నారా? దరఖాస్తు కూడా పెట్టకపోతే మోసం అన్న మీ మాటకు అదే సాక్ష్యం. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ కార్యాలయం నుంచి మీ సంస్థ పత్రాల సర్టిఫైడ్ నకళ్లు ఈ వారమే తీసుకోండి. సంస్థ అక్కడ నమోదు కాలేదని తెలిసినా భయపడకండి. రద్దు, లెక్కల దావాలకు ఆ లోపం అడ్డు కాదని భాగస్వామ్య చట్టం 69వ సెక్షనే చెబుతోంది.

వ్యాపారానికి వెల ఎలా కడతారన్నది చాలామంది ఇప్పటి దుకాణాన్ని చూసి ఊహించుకుంటారు. వెల కట్టేది రద్దయిన నాటికి. ఇందులో మీకు ఒక అదృష్టం ఉంది. ఆగస్టు నడిమికి ఆ ఏడాది ఆవకాయ, మాగాయ అంతా పెట్టేసి, గోదాము నిండుగా ఉంటుంది. ఓవర్‌డ్రాఫ్టు ఉంటే బ్యాంకుకు నెలనెలా సరుకు నిల్వల పట్టిక ఇచ్చి ఉంటారు. ఎక్కువ అప్పు కోసం వ్యాపారులు ఆ పట్టికలో నిల్వలు బాగా చూపిస్తారు. మీవారు అలా చూపించి ఉంటే ఇప్పుడు కోర్టులో తక్కువ చేసి చెప్పడం ఆయనకే కష్టం. నిల్వలు, యంత్రాలు, రావలసిన బాకీలు, వీటికి తోడు సంస్థ పేరుకు ఉన్న పరపతి, అంటే గుడ్‌విల్. అది కూడా సంస్థ ఆస్తేనని భాగస్వామ్య చట్టం 14వ సెక్షన్ అంటుంది. పచ్చళ్లకు అసలు విలువ జాడీలో కన్నా పేరులోనే ఎక్కువ. ట్రేడ్‌మార్క్ ఎవరి పేరున ఉందో రిజిస్ట్రీ వెబ్‌సైటులో మీరే చూడవచ్చు. సాధారణంగా కోర్టు మొదట ప్రాథమిక డిక్రీ, అంటే లెక్కలు తేల్చమనే తొలి తీర్పు, ఇచ్చి, లెక్కలు చూడటానికి కమిషనర్‌ను వేస్తుంది. బయటి అప్పులు, భాగస్వాముల అడ్వాన్సులు, మూలధనాలు వరుసగా తీర్చాక మిగిలినది 60:40గా పంచుతారు. మీ బంగారం తాకట్టు రసీదులు ఉంటే ఆ డబ్బు మీ మూలధనంగా జమ అయిందో లేదో తేలేది అప్పుడే. లెక్క తేల్చకుండా వ్యాపారం నడుపుకున్నందుకు, పత్రంలో వేరే షరతు లేకపోతే, ఆ తర్వాతి కాలానికి మీ వాటా వల్ల వచ్చిన లాభమో, లేదా ఏడాదికి 6 శాతం వడ్డీయో 37వ సెక్షన్ కింద అడగవచ్చు. ఏది కావాలో ఎంచుకునే హక్కు మీదే.

అసలు అమ్మకాలు పుస్తకాల్లో ఉన్నవాటికి మూడింతలని రాశారు. దావాలో ఆ మాట రాసే ముందు ఆలోచించండి. ఆ ఏళ్లలో మీరూ భాగస్వామే. పన్ను శాఖ నోటీసు ఇద్దరికీ వస్తుంది.

ఆ ప్రామిసరీ నోటు జోలికి వెళ్లకండి. దొరికిన ఖాళీ చెక్కు మీద పదివేలు అని రాసుకున్నవాడు ఫోర్జరీ చేసినట్టేనని భారతీయ న్యాయ సంహిత 335వ సెక్షన్ ఉదాహరణగా చెబుతోంది. మీరు అడుగుతున్నది అదే పని, అంకె మాత్రం 60 లక్షలు. ప్రామిసరీ నోటు విలువైన పత్రం కిందికి వస్తుంది. 338వ సెక్షన్ కింద శిక్ష పదేళ్ల దాకా, యావజ్జీవం దాకా కూడా ఉంది. పైగా మంచి సాక్ష్యం ఉన్న లెక్కల దావాను కూడా ఆ ఒక్క కాగితం ముంచుతుంది. ఒకసారి అబద్ధపు పత్రం పెట్టారని తేలితే ఆ తర్వాత మీ నిజాన్ని ఎవరూ నమ్మరు.

ఇప్పుడు చేయవలసింది ఇది. మీ భాగస్వామ్య పత్రంలో ఆర్బిట్రేషన్ షరతు, అంటే తగాదా వస్తే కోర్టులో కాక మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలన్న షరతు, ఉందేమో చూడండి. చాలా పత్రాల్లో ఉంటుంది. ఉంటే కోర్టు కన్నా ముందు ఆర్బిట్రేషన్ కోరే నోటీసు మీవారికి అందాలి. నోటీసు ఆయనకు అందిన రోజే కాలపరిమితి ఆగుతుంది కాబట్టి పోస్టల్ అక్నాలెడ్జ్‌మెంట్ జాగ్రత్త చేసుకోండి. షరతు లేకపోతే దావా. అది భార్యాభర్తల ఆస్తి తగాదాగా కుటుంబ న్యాయస్థానంలోనా, భాగస్వామ్య తగాదాగా వాణిజ్య న్యాయస్థానంలోనా అన్న అభ్యంతరం అవతలి వకీలు తప్పక లేవనెత్తుతారు. వాణిజ్య న్యాయస్థానమైతే, అత్యవసర ఉత్తర్వు అడిగితే తప్ప, ముందుగా న్యాయసేవాధికార సంస్థలో రాజీ ప్రయత్నం తప్పనిసరి. అందుకే చివరి వారం దాకా ఆగకండి. విడాకుల కేసులో మాత్రం ఆస్తి అప్పుల అఫిడవిట్ పట్టుబట్టి వేయించండి. భరణం కేసుల్లో ఇద్దరూ దాన్ని దాఖలు చేయాలని 2020 నవంబరులో సుప్రీం కోర్టు చెప్పింది. వ్యాపారం గురించి ఆయన ప్రమాణం చేసి రాసే ప్రతి అంకె మీ దావాకు ఆధారం. పరస్పర అంగీకార విడాకులకు పిలిస్తే, ‘ఇకపై ఒకరిపై ఒకరికి ఏ క్లెయిములూ లేవు’ అన్న వాక్యం ఉన్న కాగితం మీద డబ్బు చేతికి రాకుండా సంతకం పెట్టకండి.

ఇంకొకటి. సంస్థ పాత అప్పులకు మీరు వ్యక్తిగత హామీ సంతకం పెట్టి ఉంటే, వాటా పోయినా ఆ హామీ మీ మీదే ఉంది. రేపే బ్యాంకుకు వెళ్లి మీ పేరు ఏయే ఖాతాల్లో హామీదారుగా ఉందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.