భరోసా డబ్బు చూసుకుని ట్రాక్టర్ కొనొచ్చా?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. నాలుగెకరాల పట్టా ఉంది, వరి వేస్తాం. రాష్ట్రం ఇచ్చే రైతు భరోసా, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ కలిపి ఏడాదికి 54,000 వస్తుంది కదా అని పాత ట్రాక్టర్ ఒకటి ఫైనాన్స్‌లో తీసుకుందామనుకుంటున్నా. ఎరువుల దుకాణంలో 80,000 ఉద్దెర ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఇన్‌కం ట్యాక్స్ కడుతున్నాడు. దాంతో నా పీఎం కిసాన్ ఆగిపోతుందా?

జవాబు: మీ లెక్కలో తప్పు లేదు. ఎకరానికి పంటకు 6,000 చొప్పున ఏడాదికి 48,000, కేంద్రం మూడు విడతల్లో వేసే 6,000. చిక్కల్లా భరోసా మొత్తమూ, అది పడే తారీఖూ స్థిరంగా ఉండకపోవడమే. 2018లో ఇది రైతు బంధు పేరుతో ఎకరానికి పంటకు 4,000తో మొదలై తర్వాత 5,000 అయింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ వాళ్లు ఎకరానికి ఏడాదికి 15,000 అన్నారు, 2025 జనవరిలో రైతు భరోసాగా మొదలైంది 12,000తో. ఆ యాసంగిలో డబ్బు ముందు ఎకరం లోపు వాళ్లకు, తర్వాత రెండెకరాల వాళ్లకు, అలా విడతలుగా పడింది. ఫైనాన్స్ వాళ్లు అలా ఆగరు. పైగా నాలుగెకరాలకు ట్రాక్టర్ పని ఎన్ని రోజులుంటుంది? బయట కిరాయిలు గట్టిగా దొరుకుతాయంటే తప్ప వద్దంటాను.

నన్నడిగితే ట్రాక్టర్ కంటే ముందు చూడాల్సింది ఆ ఉద్దెర. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 80,000కు ఎనిమిది నెలల్లో 12,800 అవుతుంది. అదే డబ్బు కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణంగా తీసుకుంటే 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే. ఎనిమిది నెలలకు సుమారు 2,130. తేడా 10,600 పైమాటే. పీఎం కిసాన్ ఏడాదంతా ఇచ్చేది 6,000, మీరు దుకాణానికి అదనంగా ఇస్తున్నది దానికి దాదాపు రెట్టింపు! ఉద్దెర ఉన్నవాళ్లు బస్తా ధర గట్టిగా బేరమాడలేరు, ధాన్యం కూడా చాలాసార్లు ఆ షావుకారికే తూకం వేయాల్సి వస్తుంది. ఆ నష్టం నేను లెక్కలో కలపనే లేదు.

కాబట్టి ఈసారి ధాన్యం డబ్బు రాగానే ముందు దుకాణం బాకీ తీర్చేయండి. వచ్చే పంటకు పట్టాదారు పాసుబుక్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. భరోసా ఎప్పుడు పడినా ఆ రుణ ఖాతాకే జమ చేయండి. మాఫీ వస్తుందేమోనని గడువు దాటనిచ్చారా, ఆ 3 శాతం రాయితీ పోతుంది, వచ్చే ఏడాది రుణమూ కష్టమవుతుంది. 2024లో 2 లక్షల మాఫీ వచ్చిన మాట నిజమే, కానీ అది 2023 డిసెంబర్ 9కి ముందు తీసుకున్న అప్పులకు.

ఇక అబ్బాయి సంగతి. పీఎం కిసాన్‌లో కుటుంబమంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. పెద్దవాడైన కొడుకు కట్టే పన్ను మీకు అడ్డు కాదు. మీరో మీ ఇంటావిడో ట్యాక్స్ కడితేనే ఆగుతుంది. ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) అయిందో లేదో మాత్రం చూసుకోండి. అలాగే మీకు 59 ఏళ్లు దాటకపోతే రైతు చనిపోతే ఇంటివాళ్లకు వచ్చే రైతు బీమా 5 లక్షలు ఉంటుంది. అందులో నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో మీ ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి.