ఫెర్రిస్ స్టేట్ ఒకప్పుడు ట్రేడ్ స్కూలే, అయితే ఏంటి?

అడిగింది ఒక తండ్రి: ఇంటర్ ఎంపీసీ పూర్తయిన అమ్మాయికి అమెరికాలో, మిషిగన్‌లోని ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీలో ప్లాస్టిక్స్ ఇంజినీరింగ్ టెక్నాలజీ సీటు వచ్చింది. "అది ఒకప్పుడు మన ఐటీఐ లాంటిది, దానికి అంత డబ్బు పోస్తావా బావా" అని బావమరిది అన్నాడట, అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్.

మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు సర్. 1884లో వుడ్‌బ్రిడ్జ్ ఫెర్రిస్ అనే మాస్టారు, ఆయన భార్య హెలెన్ కలిసి బిగ్ రాపిడ్స్ అనే కలప మిల్లుల ఊళ్లో ఓ 15 మందితో మొదలుపెట్టినప్పుడు దాని పేరే ఇండస్ట్రియల్ స్కూల్. పట్టుమని పదేళ్లు తిరక్కుండా, 1893లోనే ఫార్మసీ కోర్సు పెట్టారు. ఆ మాస్టారు తర్వాత మిషిగన్ గవర్నరూ అయ్యారు, సెనేటరూ అయ్యారు, అది వేరే కథ. 1928లో ఆయన పోయాక, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి కుర్రాళ్లంతా సైన్యంలోకి వెళ్లిపోయాక, స్కూలు మూతపడేదాకా వచ్చింది. చివరికి రాష్ట్రం తీసుకోవడానికి ఒప్పుకుంది, తీరా చేతులు మారే ముందు 1950 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం జరిగి మెయిన్ బిల్డింగ్ కాలిపోయింది! అయినా అదే ఏడాది జులైలో ప్రభుత్వ సంస్థ అయింది, 1963లో స్టేట్ కాలేజీ, 1987లో యూనివర్సిటీ.

నన్నడిగితే ఆ పాత చరిత్రే మీ అమ్మాయికి లాభం. వెల్డింగ్, ఏసీ, భారీ యంత్రాల కోర్సులు ఇప్పటికీ డిగ్రీ స్థాయిలో నడిపే యూనివర్సిటీ అది. మోల్డింగ్ మెషిన్ దగ్గర నిలబడి, అచ్చు సగమే నిండి వచ్చిన ముక్కని చేత్తో పట్టుకుని, వేడి తక్కువైందా ప్రెషర్ తక్కువైందా అని తేల్చుకునే చదువు మన దగ్గర చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో దొరకదు.

మీరు భయపడాల్సింది వేరే చోట. ఇంజినీరింగ్‌కి, ఇంజినీరింగ్ టెక్నాలజీకి అబెట్‌లో (అమెరికాలో ఇలాంటి కోర్సుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఇచ్చే కమిషన్లు వేరు వేరు. ప్లాంటులో, ప్రొడక్షన్‌లో ఉద్యోగం కావాలంటే దీంతో పెద్ద ఇబ్బంది ఉండదు గానీ, రేపు పరిశోధన, పీహెచ్‌డీ అంటే, లేదా అక్కడ ఇంజినీర్ లైసెన్స్ అంటే కొన్నిచోట్ల అడ్డు రావచ్చు. అమ్మాయి లెక్కలూ థియరీ ఇష్టపడే పిల్ల అయితే నేను మాత్రం ఇది వద్దనే అంటాను.

ఇంటర్న్‌షిప్ తప్పనిసరా, విదేశీ విద్యార్థులను తీసుకునే కంపెనీలు ఏవి, ఈ కోర్సు స్టెమ్ ఓపీటీ పొడిగింపు (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సులు చదివిన విదేశీ విద్యార్థులు డిగ్రీ తర్వాత అక్కడ ఇంకొంత కాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) జాబితాలో ఉందా, ఈ మూడూ డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి. స్టేట్ యూనివర్సిటీ కదా, ఫీజు సర్కారు ఫీజులా ఉంటుందనుకోకండి, నాలుగేళ్ల మొత్తం లెక్క వేసుకున్నాకే డిపాజిట్ కట్టండి.